బస్సుకి మూరెడు ఎత్తు

రేకుల కొట్టు యజమాని తన జన్మలో చాలా రకాల మనుషుల్ని చూశాడు. రేకుని గోటితో గీకేవాళ్లని చూశాడు, వంచి విరగదీసేవాళ్లని చూశాడు, నాలిక చివరతో రుచి చూసిన మహానుభావుణ్ణి కూడా ఒకణ్ణి చూశాడు. కానీ రేకుని నిలబెట్టించి, తలుపు తట్టినట్టు వేలి కణుపులతో తట్టి, లోపల్నించి ఎవరైనా పలుకుతారేమో అన్నట్టు కళ్లు మూసుకుని వినే ఆడమనిషిని మాత్రం అప్పుడే చూడటం.

"ఏమంటోందమ్మా?" అన్నాడు ఉండబట్టలేక.

"డబ్బా అంటోంది. ఇంకోటి తీయించండి," అందావిడ.

ఆవిణ్ణి ఊరంతా బస్సత్త అంటారు. అసలు పేరు డ్రైవింగు లైసెన్సు మీద ఉంది; పిలిచేవాళ్లు లేక పాపం అది అక్కడే ఉండిపోయింది. జీవితంలో సగం బడి బస్సు నడిపింది. వెనక సీట్లో ఎవడు గోడని తన్నాడో అద్దంలోకి చూడకుండా, చప్పుడుని బట్టి, పేరు పెట్టి చెప్పేది. పిల్లలు హడలిపోయేవాళ్లు. అలాంటి చెవులు ఉద్యోగం అయిపోయింది కదా అని ఊరుకుంటాయా?

"అక్కా, అది ఇరవై నాలుగు గేజి రేకు. నేను పెట్టెలు చేసేది దాంతోనే. జనం మోజు పడి కొనుక్కుంటారు," అన్నాడు పక్కనున్న తమ్ముడు, కాస్త నొచ్చుకుని. అతనిది రేకు పెట్టెల కొట్టు. అతని చేతి పెట్టె మీద నలుగురు కూర్చుని పేకాడుకున్నా మూత లొట్టపోదని పేరు.

"నీ పెట్టెలు మంచం కింద ఉంటాయిరా. నా బస్సు రోడ్డు మీద ఉంటుంది. ఈ పలచటి రేకు వేశానంటే, గుంటలో పడ్డప్పుడల్లా తాళాలు వాయిస్తుంది."

"మరైతే ఇది," అని యజమాని పధ్నాలుగు గేజిది చూపించాడు. వయసు పెరిగేకొద్దీ జుట్టు పలచబడ్డట్టు రేకుకి నంబరు పెరిగేకొద్దీ మందం తగ్గుతుంది. పధ్నాలుగంటే మొద్దు రేకు. బస్సత్త తట్టింది. అది మూగదానిలా ఉండిపోయింది. ఒక మూల పట్టుకుని ఎత్తబోతే ఆవిడ నడుమే పలికింది.

"ఇంత బరువు నెత్తిన పెట్టుకుంటే మలుపులో బండి ఒరిగిపోతుంది. వద్దు."

"అల్యూమినియం వేసుకోండమ్మా. ఈకలా ఉంటుంది, తుప్పు మాటే ఉండదు."

ఈసారి తమ్ముడే అడ్డుపడ్డాడు. "బస్సు ఒళ్లంతా ఇనుమండీ. ఇనుమూ అల్యూమినియమూ తడిలో ఒకదాన్నొకటి ఆనుకుని ఉంటే కొరుక్కుతింటాయి. నేనూ మా అక్కా చిన్నప్పుడు ఒకే గదిలో పెరిగినట్టు."

చివరికి జింకు పూత వేసిన పద్దెనిమిది గేజి రేకు బయటికొచ్చింది. బస్సత్త దాన్ని పైన తట్టింది, కింద తట్టింది, మధ్యలో అరచేత్తో ఒకటి చరిచింది. ముఖం వికసించింది. తన బస్సు పక్క భాగాన్ని చరిస్తే ఎలా పలుకుతుందో, ఇదీ అలాగే పలికింది.

"ఇదే. అన్నీ ఇవే కట్టించండి," అంది.

తమ్ముడు తన ఇరవై నాలుగు గేజి రేకు వైపు, పెళ్లిచూపుల్లో తప్పిపోయిన సంబంధాన్ని చూసినట్టు, ఒకసారి చూసి నిట్టూర్చాడు.

ఇంతకీ ఇదంతా ఎవరి కోసమంటే, మాస్టారి కోసం.

మాస్టారు బస్సత్త మొగుడు. అదే బళ్లో వ్యాయామం నేర్పాడు. గుంపులో నిలబడితే అందరి తలల మీదుగా ఈయన తల ఒక్కటే కనబడేది. మెడలో ఈల ఎప్పుడూ వేలాడేది. తర్వాత వెన్నుపూసలు ఒకదానికొకటి అతుక్కుపోయే పాడు జబ్బు ఒకటి పట్టుకుంది. నొప్పి మందులకి లొంగింది గానీ, మెడా వీపూ మాత్రం ఒకే కర్రలా బిగుసుకుపోయాయి. నడుస్తాడు, కుర్చీలో నిటారుగా కూర్చుంటాడు, జోకులు బ్రహ్మాండంగా వేస్తాడు. వంగడం ఒక్కటే రాదు.

ఆఖరిసారి ఆసుపత్రికి వెళ్లినప్పుడు నలుగురు కలిసి ఆయన్ని ఏటవాలుగా పడుకోబెట్టి, కారులోకి బీరువాని తోసినట్టు తోశారు. "తల జాగ్రత్త, మూల తగుల్తుంది," అని ఒకళ్లకొకళ్లు చెప్పుకున్నారు. ఆయనతో ఎవరూ ఏమీ చెప్పలేదు. సామానుతో ఎవరు మాట్లాడతారు? ఇంటికొచ్చాక ఈల తీసి మేకుకి తగిలించేశాడు. "ఇక నన్ను ఎక్కడికీ రమ్మనకు. నిలబడి ఎక్కే బండి ఏదైనా ఉంటే చెప్పు, అప్పుడొస్తా," అన్నాడు. ఆ తర్వాత గడప దాటలేదు.

ఉద్యోగాలు అయిపోయాక రోడ్డు ఎటు పోతే అటు పోదామని ఇద్దరూ పెళ్లయిన కొత్తలో అనుకున్న మాట. నిలబడి ఎక్కే బండి అని ఆయన అన్నది బతుకు మీద విసుగుతో. బస్సత్త దాన్ని పందెంలా తీసుకుంది. బడివాళ్లు ముసలిదైపోయిందని పక్కన పడేసిన తన బస్సునే ఇంటికి తెచ్చి, పెరట్లో రేకుల షెడ్డు కింద నిలబెట్టింది. సీట్లు పీకించింది. మంచం, పొయ్యి, అల్మారా, అన్నీ పట్టే ఇల్లు అవుతుంది అది. అయితే లోపల మాస్టారు నిలబడాలంటే జానెడు ఎత్తు తక్కువ. కప్పు లోపల ఎండ వేడి దిగకుండా వేసే దూదికీ చెక్కలకీ కూడా చోటు కావాలి కాబట్టి, ఏకంగా మూరెడు ఎత్తించేయాలని తీర్మానించింది.

పై కప్పుని ఎత్తే పని ఒప్పుకున్నది వీధి చివర వెల్డరు. ఆయన దేనికైనా ఒకటే జవాబు చెబుతాడు: "చూద్దాం." కప్పు లేస్తుందా అంటే చూద్దాం, గాలికి ఎగిరిపోదు కదా అంటే చూద్దాం, టీ తాగుతారా అన్నా చూద్దాం. కానీ చెయ్యి మాత్రం గట్టిది. కిటికీల మధ్య స్తంభాలు కోసి, నాలుగు మూలలా జాకీలు పెట్టి, కప్పుని మూరెడు లేపి, కోసినచోటల్లా ఇనప గొట్టాలు అతికాడు. ఇలాంటి పని చేసేవాళ్లెవరూ బండి మూతిని ముట్టుకోరు. అక్కడ పెద్ద అద్దం, డ్రైవరు సీటు, ఎక్కే తలుపు ఉంటాయి. వాటిని కదిలిస్తే తల ప్రాణం తోకకొస్తుంది. అందుకని వెల్డరు కూడా డ్రైవరు సీటు వెనక నుంచి కోసి, అక్కణ్ణించి చివరిదాకా ఎత్తాడు. ఇప్పుడు బస్సు చుట్టూ మూరెడు ఖాళీ. ఆ ఖాళీని మూసేదే ఈ రేకు.

కొలత కోసం తమ్ముడు ఒక ఉపాయం చేశాడు. మాస్టార్ని బూట్లతో గోడకి నిలబెట్టి, తల మీద అట్ట పెట్టి, గీత గీసి, దానికి నాలుగు వేళ్లు కలిపి ఒక కర్ర కోశాడు. ఆ కర్రకి "బావగారు" అని పేరు పెట్టాడు. "బావగార్ని ఇటందుకో", "బావగారు ఎండలో ఉన్నారు, నీడకి పెట్టు", ఇలా నడిచేది పని. కప్పు లేచిన రోజు కర్రని లోపల నిలబెడితే పైన ఇంకా బెత్తెడు మిగిలింది. అక్కాతమ్ముళ్లు ఎగిరి గంతేశారు. వెల్డరు కూడా నవ్వాడని అంటారు, నేనైతే పూచీపడను.

రేకులొచ్చాక పని జోరందుకుంది. తమ్ముడు అంచులు మడవడం, వెల్డరు చిల్లులు వేయడం, బస్సత్త రివెట్లు బిగించడం. ప్రతి అతుకులోనూ నల్ల జిగురు దట్టంగా దూర్చడం కూడా ఆవిడ పనే. ఆ చప్పుళ్లకి వీధి వీధంతా చెవులు మూసుకుంది. మాస్టారొక్కడే చెవులు రిక్కించాడు. మొదట్లో కిటికీ దగ్గరికి కూడా వచ్చేవాడు కాదు. తర్వాత్తర్వాత కుర్చీ అక్కడికే లాక్కున్నాడు. "ఇవాళ కుడి పక్కా? రివెట్ల చప్పుడు అటునించొచ్చింది," అనేవాడు. ఆ మాట అన్న రోజు బస్సత్తకి వెయ్యి ఏనుగుల బలం వచ్చింది.

"ఆదివారం ఎక్కుతారు," అని చెప్పేసింది. "నిలబడి. ఎవరూ పట్టుకోరు."

"నిజంగానే?"

"నేనెప్పుడైనా బస్సు లేటుగా తెచ్చానా?"

మర్నాడు చూస్తే గడప దగ్గర నల్ల బూట్లు తళతళలాడుతున్నాయి. వంగలేని మనిషి బల్ల మీద పెట్టుకుని, ఎప్పుడు చేసుకున్నాడో, అద్దంలా పాలిష్ చేసుకున్నాడు. బస్సత్త వాటిని చూసి వంటింట్లోకి వెళ్లి, ఉల్లిపాయ తరగకుండానే కళ్లు తుడుచుకుంది.

శనివారం మధ్యాహ్నానికి రెండు పక్కలా రేకు పడిపోయింది. ఇక వెనక గోడ ఒక్కటే మిగిలింది. దానికో పెద్ద రేకు సిద్ధంగా ఉంది. అది బిగిస్తే పని అయిపోయినట్టే. బస్సత్తకి ఆగలేదు. "ఒక్క నిమిషం ఆగండి. రేపు ఆయన ఎలా ఎక్కుతారో ఒకసారి ఆడి చూద్దాం," అని కర్రని భుజానికి ఆనించుకుంది.

ముందు తలుపు తీసింది. కర్రని నిలువుగా పట్టుకుని, నిజంగా ఆయన చెయ్యి పట్టుకున్నట్టే, "రండి, మెల్లిగా," అంది నవ్వుతూ. మొదటి మెట్టు ఎక్కింది. రెండో మెట్టు ఎక్కింది.

టక్.

కర్ర కప్పుకి తగిలింది. ఆవిడ పొరపాటున తగిలిందేమో అనుకుని మళ్లీ ప్రయత్నించింది. మళ్లీ టక్‌మంది. ఎవరూ ఎత్తని ఆ మూతి భాగం పాత ఎత్తులోనే ఉంది కదా! ఎక్కే తలుపు ఉన్నదీ అక్కడే. ఎత్తయిన ఇల్లు కట్టారు గానీ, దానిలోకి వెళ్లాలంటే ముందు ఆ పొట్టి గూట్లోంచి వంగి వెళ్లాలి.

"కొంచెం వంచక్కా," అన్నాడు తమ్ముడు అలవాటుగా. అని, నాలిక కరుచుకున్నాడు.

వెల్డరు చూద్దాం అని కూడా అనలేదు.

ఇన్నాళ్లూ ఇది ఎవరికీ తట్టలేదంటే నమ్మబుద్ధి కాదు, కానీ ముగ్గురూ పొట్టివాళ్లే. బస్సత్త ఆ తలుపులోంచి వేలసార్లు ఎక్కింది, ఒక్కసారీ తల తగల్లేదు. ఇక కర్ర మాటంటారా, దాన్ని ఎప్పుడూ తలుపులోంచి తేలేదు. చుట్టూ ఖాళీయే కదా అని, పక్క నుంచి అడ్డంగా పడుకోబెట్టి లోపలికి తోసేసేవాళ్లు. బావగార్ని రోజూ అలాగే ఎక్కించారు. ఆ నలుగురూ ఆవేళ కారులోకి ఎలా ఎక్కించారో, సరిగ్గా అలాగే.

అది తట్టేసరికి బస్సత్త కర్రని పక్కకి ఆనించేసింది. బస్సు వెనక్కి వెళ్లి బంపరు మీద కూలబడిపోయింది. నేనూ అంతేనా, అనుకుంది. ఆయన కోసం అని ఇంత హడావిడి చేసి, ఆయన ఎలా నడుస్తారో ఒక్కసారైనా ఆలోచించానా? ముందు భాగం కోయాలంటే అద్దం తీయాలి, మళ్లీ మొదటికొస్తుంది. రేపు పొద్దున ఏ ముఖం పెట్టుకుని చెప్పడం? ఇంకొన్నాళ్లు ఆగండి అంటే ఆయన ఏమీ అనడు. సరేలే అంటాడు, బూట్లు లోపల పెట్టేస్తాడు. అవి మళ్లీ బయటికి రావు.

పెరటి కిటికీలోంచి మాస్టారు ఆవిణ్ణి చూసి చెయ్యి ఊపాడు. ఆవిడకి చెయ్యి లేవలేదు.

తమ్ముడు ఎంతసేపని నిలబడతాడు? ఆఖరి రేకు పట్టుకుని నెమ్మదిగా వచ్చాడు. "అక్కా, కాస్త లేస్తావా. ఇది బిగించేస్తే రేపటి సంగతి రేపు ఆలోచిద్దాం."

లేవడానికి ఊతం కోసం ఆవిడ వెనక్కి చెయ్యి వేసింది. చేతికి చల్లగా ఇనప పిడి తగిలింది. ఆపద తలుపు పిడి.

ప్రతి బడి బస్సుకీ వెనక అలాంటి తలుపు ఒకటి ఉంటుంది. దాని జోలికెళ్తే వేళ్లు విరుస్తానని బస్సత్త ఎన్ని తరాల పిల్లల్ని బెదిరించిందో లెక్కలేదు. బెదిరించీ బెదిరించీ తనే నమ్మేసింది. అది తలుపే కాదు, ఎర్ర అక్షరాలు రాసిన గోడ అన్నట్టు బతికింది. ఇప్పుడు తల పైకెత్తి చూసింది. తలుపు నెత్తిన పాత అడ్డపట్టీ. దాని పైన మూరెడు ఖాళీ. ఆ పైన ఎత్తిన కప్పు.

"ఆ రేకు కింద పెట్టరా," అంది.

"ఏమైందక్కా?"

"కింద పెట్టమన్నానా! ఈ ఖాళీని మూసేది లేదు. అన్నా, మీరు ఈ అడ్డపట్టీ కోసేసి, పైన కప్పు కింద కొత్తది వేయాలి. తలుపు నేల నుంచి కప్పు దాకా పోవాలి, లోపలికి తెరుచుకోవాలి. రేపు సాయంత్రానికి. అవుతుందా?"

వెల్డరు కళ్లద్దాలు నుదుటి మీదికి తోసుకుని, తలుపుని కిందనుంచి పైదాకా చూశాడు.

"అవుద్ది," అన్నాడు. ఆయన నోటి వెంట ఆ మాట విన్నందుకు తమ్ముడు ముక్కు మీద వేలేసుకున్నాడు.

అయితే కొత్త చిక్కొకటి వచ్చింది. అంత పొడుగు తలుపుకి పద్దెనిమిది గేజి వేస్తే బరువెక్కువ. పాత బందులు ఓర్చుకున్నా, మాస్టారు ఓర్చుకోలేడు. ఒళ్లు వాల్చి తోసే వీలు ఆయనకి లేదు, చేత్తో తోస్తే తెరుచుకోవాలి. బస్సత్త తమ్ముడి వైపు చూసింది. తమ్ముడు ఆకాశం వైపు చూశాడు.

"నీ దగ్గర ఆ పలచటి రేకు ఉందా?" అంది గొంతు తగ్గించి.

"ఏ రేకు? ఆ డబ్బా రేకా? తాళాలు వాయించే రేకా?"

"ఒరేయ్, బతిమాలించుకోకు."

అతను అప్పటికే గేటు దాటేశాడు. రేకు తెచ్చి, కర్ర సుత్తితో అంచులు రెండు మడతలు మడిచాడు. పెట్టె మూతకి వేసినట్టు ఆ మూల నుంచి ఈ మూలకి, ఈ మూల నుంచి ఆ మూలకి అడ్డంగా గీతలు నొక్కాడు. గాలికి రెపరెపలాడిన రేకు కాస్తా బల్లలా బిగిసింది. బస్సత్త కణుపులతో తట్టి, కళ్లు మూసుకుని వింది.

"ఏమంటోంది?" అన్నాడు తమ్ముడు.

"నా తమ్ముడి పనే అంటోంది," అంది ఆవిడ. అంతకంటే పెద్ద బిరుదు అతనికి ఆ జన్మలో దొరకలేదు.

ఆదివారం పొద్దున్నే మాస్టారు బూట్లు వేయించుకుని కుర్చీలో కూర్చున్నాడు. బస్సత్త లేసులు కడుతూ, "సాయంత్రం దాకా ఆగాలి. ఈసారి బస్సు లేటు," అంది. "ముందు తలుపు సరిపోలేదు. నాదే తప్పు. వెనకనించి ఎక్కాల్సొస్తుంది."

ఆయన కిటికీలోంచి బస్సు వైపు చూశాడు.

"బళ్లో నేనెప్పుడూ ఆఖరి బెంచీయేనోయ్," అన్నాడు. "ముందునించి ఎక్కిస్తావేమోనని భయపడ్డా."

పొద్దు వాలుతుండగా తలుపు నిలబడింది. వెల్డరు తన షెడ్డులోంచి పొడుగాటి బల్లలు తెచ్చి, జారకుండా అడ్డపట్టీలు కొట్టి, నేల మీంచి బస్సు దాకా వాలుగా వేశాడు. రివెట్ల మోతకి ఇన్నాళ్లూ తిట్టుకున్న వీధివాళ్లు గోడ మీంచి తొంగిచూస్తున్నారు. మాస్టారు గడప దాటాడు. పెరడు దాటాడు. ఎవరో సాయానికి చెయ్యి చాచబోతే, బస్సత్త ఒక్క చూపు చూసింది. ఆ చెయ్యి వెనక్కిపోయింది.

ఆయన బల్ల ఎక్కి, తలుపు దాకా వెళ్లి, ఆగిపోయాడు. కళ్లు మూసుకున్నాడు. తల ఎక్కడ తగులుతుందోనని ఒళ్లంతా బిగబట్టుకుని నిలబడ్డాడు. అది చూసి బస్సత్త బల్ల పక్కకి వచ్చింది.

"రండి. తలుపు మిమ్మల్ని చూసే కొలిచాం."

ఆయన చేత్తో తోశాడు. తలుపు తేలిగ్గా, చప్పుడు లేకుండా తెరుచుకుంది. ఒక అడుగు వేశాడు, ఇంకో అడుగు వేశాడు. లోపలికి వెళ్లిపోయాడు. తలకీ కప్పుకీ మధ్య సాయంత్రం వెలుగు సన్నగా కనబడింది. గోడ అవతల ఎవరో చప్పట్లు మొదలుపెట్టారు, తమ్ముడు ఈలలు వేశాడు, వెల్డరు వెనక్కి తిరిగి కళ్లద్దాలు తుడుచుకున్నాడు. మాస్టారు బస్సు ఈ చివర నుంచి ఆ చివరకి నడిచాడు, మళ్లీ వెనక్కి నడిచాడు. కొత్త రేకుని అరచేత్తో తడిమాడు. బళ్లో మైదానం చుట్టూ ఎలా నడిచేవాడో అలా నడిచాడు, ఛాతీ ముందుకు పెట్టి.

బస్సత్త ముందు తలుపులోంచి ఎక్కి తన సీట్లో కూర్చుంది. ఇంజను గురగురలాడింది. రేకు గలగలలాడలేదు. తల మీది అద్దంలోకి చూసింది. ఇన్నేళ్లూ పిల్లల తలలు గెంతిన అద్దంలో ఇప్పుడు ఒక్క మనిషే, కాళ్ల నుంచి తల దాకా, నిటారుగా నిలబడి ఉన్నాడు. మెడలో ఈల వేలాడుతోంది. మేకు మీంచి ఎప్పుడు తీసుకున్నాడో ఆవిడ చూడనే లేదు.

"కూర్చోండి, బండి కదుల్తుంది," అంది అలవాటుగా, గట్టిగా.

"కూర్చుంటా. కూర్చుంటూనే ఉన్నాగా ఇన్నాళ్లూ," అన్నాడాయన. "ఒక్క నిమిషం నిలబడనీ."

బస్సత్త బ్రేకు మీద కాలు పెట్టి ఆగింది. జీవితంలో ఏ పిల్లాడి కోసమూ అంతసేపు ఆగలేదు. ఆయన కావలసినంతసేపు నిలబడి, ఆ తర్వాత వెళ్లి తన కోసం బిగించిన కుర్చీలో కూర్చుని, బెల్టు పెట్టుకుని, ఈల నోట పెట్టుకుని రెండుసార్లు ఊదాడు.

"రైట్, రైట్!" అని అరిచాడు బయట తమ్ముడు.

బస్సత్త గేరు వేసింది.